పూర్వానురాగము - పునరాగమనము : కావ్యశాస్త్రమునకు వెలుపల నిలిచిన యొక వేదన

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలమున, బేగంపేట గ్రామమునకు చేరువ నున్న రామగిరి దుర్గమును గూర్చి ఈ ప్రాంతమున నొక విశ్వాసము చిరకాలముగా కలదు. కాళిదాసు మేఘసందేశమున యక్షుడు శాపకాలమును గడపిన రామగిరి ఇదియే యని దాని సారాంశము. పండితు లీ విషయమున నేకాభిప్రాయులు కారు. తెలుగువాడైన కోలాచల మల్లినాథసూరి తన సంజీవనీ వ్యాఖ్యయందు రామగిరి యనగా చిత్రకూటమని వ్రాసెను. మిరాశీ మున్నగు ఆధునికులు నాగపురమునకు సమీపమున నున్న రామటేకే యక్షుని రామగిరి యని నిర్ణయించిరి. నా యభిప్రాయ మడిగినచో, రామటేకు వాదమే బలవత్తరమని చెప్పుదును. అయినను, శ్రావణమాసమున ఈ కొండ నెక్కి, ఓషధుల వాసన నాఘ్రాణించుచు, గోదావరి వైపునుండి కదలివచ్చు మబ్బును జూచినవానికి స్థానికుల విశ్వాసమును కాదనుటకు నోరాడదు.

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రావణమాసముననే మా విద్యార్థులతో గూడి యీ దుర్గమునకు బోయితిని. మేఘసందేశమును గూర్చి నాలుగు మాటలు చెప్పితిని. యక్షుడు భార్యకు దూరమైనది ప్రవాసమువలన; ఆ ప్రవాసమునకు గడువు కలదు; శ్రీహరి శేషశయ్యనుండి లేచునాటికి శాపము తీరును; అతడు మరలివచ్చును; అలకలో దీపము వెలుగును. ఇంతలో నొక విద్యార్థిని ప్రశ్నించినది. ఆమె బొగ్గుగనిలో పనిచేయు కార్మికుని యిల్లాలు, ఇద్దరు బిడ్డల తల్లి. వివాహమైన చాలకాలమునకు చదువు మరల ప్రారంభించినది. "సారూ, యక్షుడు తిరిగొస్తె ఇల్లు నిలబడ్తది. పెండ్లికి ముందు మనసుపడ్డ మనిషి తిరిగొస్తె ఇల్లేమైతది? దానికి శాస్త్రంల పేరేమున్నది?"

నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆమె ప్రశ్న బ్రదుకునుండి పుట్టినదో, పుస్తకమునుండి పుట్టినదో నేనడుగలేదు. అడుగుట ఉపాధ్యాయునకు తగదు. కాని యా ప్రశ్న న్యాయమైనది. స్థిరపడిన దాంపత్యమున, పిల్లలు, అత్తమామలు, ఇరుగుపొరుగు గల సంసారమున, ఎన్నడో మఱుగుపడిన తొలివలపు మరల నడుగిడినచో జనించు వేదనకు మన అలంకారశాస్త్రమున స్థానమేమి? ఆ స్థానము లేనిచో మన కవు లేమి చేసిరి? ఈ రెండు విషయములను విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

మొదట శాస్త్రమును జూతము. విప్రలంభ శృంగారము పూర్వరాగము, మానము, ప్రవాసము, కరుణము అని నాలుగు విధములని 14వ శతాబ్దివాడైన విశ్వనాథ కవిరాజు సాహిత్యదర్పణమున విభజించెను. ఇందు పూర్వరాగ మనగా సమాగమమునకు ముందు, వినుటవలన గాని చూచుటవలన గాని నాయికానాయకులకు పుట్టిన యనురాగము. నలదమయంతుల కథయందు హంస చెప్పిన మాటలవలన పుట్టినది ఇట్టిది. ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. 'పూర్వ' మను శబ్దమే తరువాతి సమాగమమును ముందుగా నంగీకరించుచున్నది. పూర్వరాగము పెండ్లికి దారితీయు ద్వారము మాత్రమే. ఆ ద్వారమును దాటి వేరొక యింటికి బోయినవారి మాట శాస్త్రకారునకు పట్టలేదు.

ఓరుగల్లున కాకతీయ ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు వ్రాసిన ప్రతాపరుద్రీయమును చూచినను ఇంతియే. చక్షుఃప్రీతి మొదలు మరణము వరకు పండ్రెం డవస్థల నతడు చెప్పెను. చూపులు కలియుట, మనస్సు తగులుట, నిద్ర లేకుండుట, కృశించుట, లజ్జ విడుచుట ఇత్యాదిగా సోపానక్రమము సాగును. మనస్సున తొలి తగులము మిగిలియుండగా మరొకరి చేయి పట్టి, నవ్వుచు వంట చేయుచు, బిడ్డకు తల దువ్వుచు పదేండ్లు గడపుట యను నవస్థ ఆ పండ్రెంటిలో లేదు. అది పదుమూడవది యని నేను చమత్కారమునకు పాఠమున చెప్పుచుందును. ఒకరిద్దరు విద్యార్థులు దానిని పరీక్షలో వ్రాసిరి కూడ.

సాహిత్యదర్పణకారుడు పూర్వరాగమును మరల మూడు విధములుగా విభజించినాడు. నీలీరాగము, కుసుంభరాగము, మాంజిష్ఠరాగము. ఇవి అద్దకపు రంగుల పేరులు. నీలిరంగు పైకి అంతగా మెరయదు, వదలిపోదు. సీతారాముల యనురాగ మిట్టిదని యుదాహరణము. కుసుమపూవుల రంగు మెరయును గాని వదలిపోవును. మంజిష్ఠవేరు రంగు మెరయును, వదలనూ వదలదు. ఈ విభాగమును పాఠ్యగ్రంథములు రెండు వాక్యములతో దాటిపోవుచున్నవి. నా మట్టునకు, మన ప్రస్తుత విషయమునకు శాస్త్రమున దొరకు ఏకైక సాధన మిదియే. ఏమన, సంసారము చెడుటకు మూలమైన భ్రమ ఇందున్నది. కన్నవారు, కట్టుకొన్నవారు, తుదకు ఆ మనిషియు, తొలివలపు కుసుంభమనియే తలంతురు. పెండ్లినీళ్లలో ముంచితిమి, వదలిపోయినదని నమ్ముదురు. పైకి మెరపు లేదు గనుక రంగే లేదని యందురు. కాని మెరపు లేకుండుట నీలికిని లక్షణమే. వదలిన కుసుంభమును, వదలని నీలిని వేరుపరుపగల పరీక్ష యొక్కటే. ఆ మనిషి మరల నెదుటబడుట.

మరి వివాహానంతర మట్టి రాగము కనబడినచో దాని పేరేమి? రసాభాస మని శాస్త్రము. ఉపనాయకునియందలి రతి అనౌచిత్యముచేత ఆభాసమగును. దీనితో తలుపు మూసినట్లే తోచును. అయినను పూర్తిగా మూయలేదని నా వాదము. ఆ కవిరాజే రసమును, భావమును, వాని యాభాసములను సైతము ఆస్వాదింపబడుచున్నవి గనుక రసములనియే వ్యవహరింపవచ్చునని యంగీకరించెను. గృహస్థధర్మము నిరాకరించిన దానిని సహృదయుని హృదయము నిరాకరింపనవసరము లేదని దీని తాత్పర్యము. కవులకు చొరబడుటకు ఆ సందు చాలినది.

కావ్యములకు బోవుటకు ముందు మన సంఘమును గూర్చి యొక మాట. పాశ్చాత్య కథలలో తొలి ప్రియుడు సాధారణముగా దూరమునుండి వచ్చు నొక యపరిచితుని వంటివాడు. తెలుగుదేశమున మేనరిక మున్నందున అట్లు కాదు. పసితనమునుండి 'నీ మొగుడు వీడే' యని పదిమంది పరిహాసమాడిన మేనబావయే పలుమారులు తొలివలపు. కట్నము దగ్గరనో, ఉద్యోగము దగ్గరనో, అన్నదమ్ముల పంతము దగ్గరనో సంబంధము తప్పిపోవును. ఆమె నొకరికి, అతనికి వేరొకరిని కట్టబెట్టుదురు. అయినను అతడు బంధువు కాకుండ పోడు. పెండ్లికి, పురుటికి, చావునకు, బతుకమ్మ పండుగకు అందరును ఒక్కచోట చేరవలసినదే. 'బావ వచ్చినాడు, కాళ్లకు నీళ్లిమ్మ'ని అత్తగారే ఆమెకు చెప్పును. కావున మన వద్ద పునరాగమనము దైవఘటన కాదు, బంధుమర్యాద. అందువలననే మన కుటుంబములు దీనికి మాటలలో రూపమీయక, మౌనముతో నిర్వహించుట నేర్చినవి.

గోదావరిఖని ప్రాంతమున ఈ స్థితి కొంత మారినది. 1960వ దశాబ్దమునుండి గనులు విస్తరించినకొలది నానా జిల్లాలవారు వచ్చి స్థిరపడిరి. ఊరిలోని బంధుబలగము ఊరిలోనే నిలిచిపోయెను. పక్క క్వార్టరువారు వేరు జిల్లావారు. గతము తెలిసినవా రెవరును లేని చోట సంసారము తేలికగా సాగును. అదే చోట గతము ఒక బదిలీ కాగితముతో ఎదురింటికి వచ్చినచో, మేనరికపు ఊరిలో వలె దానిని సర్దిపుచ్చు పెద్దమ్మలు, మేనత్తలు ఉండరు. మౌనము కూడ నేర్పవలసిన విద్యయే గదా.

ఇక కావ్యములు. భారతమున అంబ కథ మన విషయమునకు ముఖద్వారము. నన్నయ ఆదిపర్వమున సంగ్రహముగా చెప్పినదానిని తిక్కన ఉద్యోగపర్వాంతమున విస్తరించెను. కాశీరాజు కుమార్తెలు మువ్వురను భీష్ముడు స్వయంవరమునుండి తెచ్చెను. పెద్దది తాను సాల్వుని వరించితినని చెప్పినది. భీష్ముడు ధర్మవేత్తలతో నాలోచించి ఆమెను సాల్వునికడకు పంపెను. ఈ యొక్క చర్యనుబట్టియే హస్తినాపురవాసుల లోకజ్ఞానము తెలియుచున్నది. వేరొకని మనస్సున నిలుపుకొన్న స్త్రీ యింటికి వచ్చినచో ఆ యిల్లు ఇల్లుగా నుండదని వారెరుగుదురు. సమస్య పుట్టకముందే గడప దాటించిరి. కాని సాల్వుడు స్వీకరింపలేదు. అతని మాటలలో ధర్మమున్నను, క్రింద నున్నది ఓటమి వలన గాయపడిన యభిమానము. అంబ యెవరి యింటను చేరలేదు. మిగిలిన యిరువురి కాపురము నిర్విఘ్నముగా మొదలయ్యెను. తొలివలపును మన్నించినవాడు భీష్ముడొక్కడే కాగా, ఆ కన్య పగ బూనినది అతనిపైననే. ఇది యన్యాయమని నాకు చిరకాలముగా తోచెడిది. ఇప్పు డట్లు తోచదు. అతడు అంబను పంపినాడు గాని, పంపునప్పుడు ఆమె చేరవలసిన తలుపు తెరచియున్నదో లేదో చూడలేదు.

శాకుంతలమునకు వచ్చినచో విషయము లోతుగా నున్నది. నన్నయ శకుంతల కుమారుని వెంటబెట్టుకొని సభకు వచ్చినపుడు దుష్యంతుడు ఎరిగియుండియే ఎరుగననెను. లోకనిందకు వెరచుటయే కారణము. అప్పుడామె నూతులకంటె బావి, బావులకంటె క్రతువు, క్రతువులకంటె పుత్రుడు, పుత్రులకంటె సత్యవాక్యము మేలని తారతమ్యము చెప్పిన ఘట్టము తెలుగు చదివినవారందరికిని కంఠస్థమే. కాళిదాసు దుర్వాసుని శాపమును కల్పించి రాజును నిర్దోషిని చేసెను. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలమున ఈ రెంటిని మేళవించెను. ఈ తారతమ్యములపై వెనుకటి పరిశోధకులు చాల వ్రాసినారు. వారు చూడనిదని నేననను గాని, చాలినంత చూడనిది మరొకటి కలదు. దుష్యంతుని యంతఃపురము.

కాళిదాసు నాటకమున పంచమాంకారంభమున తెరవెనుక హంసపదిక పాడును. రాజు ఒకప్పు డామెను ప్రేమించి మరచెను. ఆ మాటయే ఆమె పాటలోని నింద. పాట విన్న రాజునకు, ప్రియజనవియోగ మేదియు లేకున్నను, తెలియరాని దిగులు కలుగును. శకుంతల ఇంకను సభకు రాలేదు. రాగము ముందుగా వచ్చినది. షష్ఠాంకమున ఉంగరము దొరికి, జ్ఞాపకము మరలివచ్చి, రాజు శకుంతల చిత్రపటమును వ్రాయుచు కూర్చుండును. రంగులపెట్టె తెచ్చుచున్న చతురికచేతినుండి రాణి వసుమతి దానిని లాగుకొని, తానే తెత్తునని బయలుదేరును. ఆ వార్త విని రాజు పటమును విదూషకునిచేతికిచ్చి దాచుమనును. రాజ్యమేలు చక్రవర్తి, భార్య వచ్చునని బొమ్మను దాచినాడు. వసుమతి మాత్రము రాలేదు. మంత్రి పంపిన లేఖతో ప్రతీహారి పోవుచుండుట చూచి, రాచకార్యమునకు విఘ్నము కలిగింపరాదని దారిలోనే వెనుకకు మరలినది. ఆ లేఖ యేమి? ధనమిత్రుడను వర్తకుడు ఓడ మునిగి మరణించెను, సంతానము లేదు. దానితో రాజునకు తన యనపత్యత గుర్తునకు వచ్చి దుఃఖము ఇనుమడించును.

ఇచ్చట కొంచెము నిలువవలెను. హంసపదిక పాట వినబడునే గాని ఆమె కనబడదు. వసుమతి వచ్చుచున్నదని వినబడునే గాని ఆమెయు కనబడదు. స్థిరపడిన దాంపత్యమునకు చెందిన స్త్రీ లిరువురును నాటకమంతటను తెరవెనుకనే యుందురు. తొలివలపు కొడుకుతో మరలి వచ్చినది, రాజ్యమునకు వారసుడు దొరికినాడు, ప్రేక్షకుడు సంతసించినాడు. రంగులపెట్టె చేతబట్టుకొని మధ్యదారిలో ఆగిపోయిన వసుమతి ఆనాటి రాత్రి ఏమనుకొన్నదో ఎవరును వ్రాయలేదు. కాళిదాసునకు తెలియక కాదు. తెలిసినందుననే ఆమెను రంగస్థలముపైకి తేలేదు. తెచ్చినచో శృంగారము కరుణమై, నాటకము శకుంతలది కాక వసుమతిది యగును. ఒక కోపము, ఒక మర్యాద, ఒక వెనుదిరుగుట - ఈ మూడింటితో ఆ మహాకవి స్థిరసంసారపు వేదనను సూచించి విడిచినాడు.

పాటవలన తొలివలపు మరలివచ్చుట యను సూక్ష్మమును శతాబ్దుల కల్పనలలో నేను మరొకచోట మాత్రమే ఇంత బలముగా చూచితిని. అది ఐర్లండు రచయిత జేమ్సు జాయిసు 1914లో ప్రకటించిన 'డబ్లినర్సు' కథాసంపుటమునందలి చివరి కథ. విందు ముగిసి బయలుదేరునపుడు గ్రెటా మెట్లపై నిలిచి, ఎవరో పాడుచున్న పాత పాటను వినును. చిన్ననాడు ఆ పాటను పాడిన యొక బాలుడు తనకొరకు చలివానలో నిలిచి, పదునేడవ యేట మరణించెనని రాత్రి భర్తకు చెప్పును. అట తిరిగివచ్చినవాడు బ్రదికిలేడు. మృతునితో పోటీపడుట యెట్లో భర్తకు తెలియదు. కాళిదాసు తెరవెనుక నుంచిన దానిని జాయిసు తెరముందుంచెను. వసుమతి స్థానమున ఇచ్చట భర్త కలడు. తేడా యింతియే.

రష్యాకవి పుష్కిను 1833లో సంపూర్ణముగా ప్రకటించిన పద్యనవల 'ఎవ్గేనీ ఒనేగిను' వేరొక మార్గము. బాలికగా తాత్యాన వ్రాసిన ప్రేమలేఖను ఒనేగిను త్రోసిపుచ్చెను. ఏండ్లు గడచిన పిదప, సేనాపతి భార్యగా, సభామర్యాద లెరిగిన గృహిణిగా ఆమెను చూచి, అతడే పాదములపై బడెను. ఇంకను ప్రేమించుచున్నానని ఆమె దాచక చెప్పినది. నన్నొకరి కిచ్చినారు, అతనికి జీవితాంతము విశ్వాసముగా నుందునని వెంటనే చెప్పినది. రెండు వాక్యములు నిజములే. మన కావ్యనాయికలలో రెండవ మాట చెప్పినవారు చాలమంది కలరు. మొదటి మాటను చెప్పి రెండవదానిని చెప్పినవారు అరుదు. నీలీరాగమును తానే ఒప్పుకొని, తానే లోపల మడిచి పెట్టుకొనుట యిది.

తెలుగున కవయిత్రి యొకతె ఈ విషయమును తలక్రిందులు చేసినది. తంజావూరు ప్రతాపసింహుని కాలమున, 18వ శతాబ్దిలో, ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమున తొలివలపు రాధ. తాను పెంచిన ఇళాదేవిని తానే కృష్ణునకిచ్చి పెండ్లిచేయును. చేసిన పిదప తాళలేకపోవును. కొత్త కాపురమునుండి కృష్ణుడు పాత ప్రియురాలి కోపము తీర్చుటకు పరుగెత్తును. మరలివచ్చినది ప్రియుడు కాదు, ప్రియురాలి దుఃఖము. వయస్సు మీరిన స్త్రీకిని అనురాగము, అసూయ, అధికారము ఉండునని ఈ కావ్యము నిర్భయముగా పలికినది. దీనికి లోకమిచ్చిన బహుమానము తెలిసినదే. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ముద్రింపించగా, మరుసటి యేడే ప్రభుత్వము నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులు మదరాసు ప్రధానిగా నున్నపుడు ఆ నిషేధము తొలగెను. అశ్లీలమని నిషేధించిరి గాని, మొదటి స్త్రీకిని హృదయమున్నదను మాటయే కొందరికి సహింపరానిదై యుండునని నా యూహ.

ఇన్ని చెప్పినను, స్థిరపడిన రెండు సంసారములను, అందరిని కంటికెదురుగా నిలిపి, ఎవరిని తెరవెనుకకు నెట్టక, ఈ వేదనను సమగ్రముగా చిత్రించిన తెలుగు రచన ఏకవీరయే. విశ్వనాథ సత్యనారాయణ దీనిని 1930 ప్రాంతమున వ్రాసెను. కథ నాయకరాజుల నాటి మధుర. సేతుపతి, వీరభూపతి ప్రాణమిత్రులు. సేతుపతి వలచినది మీనాక్షిని. వీరభూపతి వలచినది ఏకవీరను. పెద్దల యేర్పాటున ఏకవీర సేతుపతికి, మీనాక్షి వీరభూపతికి భార్య లగుదురు. ఒకని తొలివలపు మరొకని గృహిణి. ఇంతకంటె కఠినమైన కూర్పు ఊహించుట కష్టము.

ఈ కూర్పునందలి విశేషమును కొంచెము విడమరచెదను. సామాన్యముగా తొలివలపు మరలివచ్చినపుడు భర్తకు అసూయపడుటకు ఒక ప్రత్యర్థి యుండును. ఇచ్చట దోచుకోబడినవాడే దోచుకొన్నవాడు. వీరభూపతి మీనాక్షి చేయి పట్టినపుడు స్నేహితుని నష్టపరచెను. తానును అట్లే నష్టపడెను. ఎవరి తప్పును లేదు. తప్పు లేనిచోట కోపము నిలువదు, కోపము నిలువనిచోట దుఃఖమునకు దారి దొరకదు. ప్రతినాయకుడు లేని కథ యిది. పునరాగమనమునకు ప్రత్యేకముగా నెవరును రానవసరము లేదు. స్నేహితుని యింటి గడప త్రొక్కుటయే చాలును. స్నేహ మెంత దృఢమో అపాయ మంత సమీపము. మేనబావ బంధుత్వము మన యిండ్లలో చేయు పనిని, ఇచ్చట మైత్రి చేసినది. నవల విషాదముతో ముగియుటలో ఆశ్చర్యము లేదు.

మధురను ఎన్నుకొనుటలో గూడ నొక యర్థము కలదని నా నమ్మిక. ఆ నగరమంతయు మీనాక్షీసుందరేశ్వరుల కల్యాణమును ఏటేట చైత్రోత్సవమున వేడుకగా జరుపుకొనును. దాంపత్యమే దైవముగా నిలిచిన పట్టణమున, ఆ దేవి పేరుగల స్త్రీ, మనస్సున నున్నవాని నొకని, మంగళసూత్రము కట్టినవాని నొకని మోయవలసివచ్చెను. విశ్వనాథ దాంపత్యధర్మమును ఎంత గట్టిగా నమ్మినవాడో ఎల్లరెరుగుదురు. అట్టివాడే ఆ ధర్మము మోయలేని బరువును చూపినాడు. ఇందుకు మూడు సంవత్సరముల ముందు, 1927లో, చలము మైదానమున రాజేశ్వరి యను గృహిణిని ఇల్లు విడిపించి అమీరుతో పంపెను. ఏకవీర దానికి సమాధానమని నేను చెప్పను. అట్లు చెప్పువారు రెండు గ్రంథములను చిన్నవి చేయుచున్నారు. గడప దాటినదాని కథ యొకటి, గడప దాటనిదాని కథ యొకటి. మొదటిదానికి ధైర్యము కావలెను. రెండవదానికి ఏమి కావలెనో దానికి మనభాషలో ఓర్పు అను మాట చాలదు.

విశ్వనాథ 1959 నుండి 1961 వరకు కరీంనగరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడు. రామగిరి అప్పుడా జిల్లాలోనిదే. ఆ జిల్లాకే చెందిన మంథనికి శాసనసభ్యుడైన పి.వి. నరసింహారావు వేయిపడగలను హిందీలోనికి పరివర్తింపగా, ఆ జిల్లా హనుమాజీపేటవాడైన సి. నారాయణరెడ్డి 1969లో ఏకవీర చలనచిత్రమైనపుడు సంభాషణలు కూర్చెను. అందు ఎన్.టి. రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున నటించిరి. మధురలో పుట్టిన కథ ఇట్లు మా ప్రాంతమునకు చుట్టరికము కలుపుకొన్నది.

కథాకాలమునకు, నేటికి ఒక భేదము చెప్పక తప్పదు. 1955 హిందూ వివాహచట్టము విచ్ఛేదమున కవకాశమిచ్చినది; 1976 సవరణ పరస్పరాంగీకారముతో విడిపోవుటను చేర్చినది. నేటి మీనాక్షి న్యాయస్థానమునకు పోవచ్చును. పోయినచో సేతుపతి సమస్య తీరునా? నవలలోని నలువురికిని చట్టము తెరచు తలుపు చాలదు. ఏలయన ఒకరు బయటికి నడచినచో మరొక యిల్లు కూలును. మన విద్యార్థులు ఈ నవలపై వ్రాయు సమాధానములలో 'ఆ కాలమున విడాకులు లేనందున' అను వాక్యము తరచు కనబడుచున్నది. అది సగము సత్యము. పిల్లలు గల యింట అది సగము కూడ కాదు.

శాస్త్రమున దీనికి పేరేమని యడిగిన విద్యార్థినికి నేను చాలకాలమునకు గాని సమాధానము చెప్పలేకపోతిని. రసాభాసమని చెప్పితిని. నీలీరాగమును వివరించితిని. ఆమె విని, ఆ మూడు రంగుల మాట బాగున్నదనెను. ఆభాసమను మాట మాత్రము ఒప్పుకొనలేదు. "ఆభాసమైతె అంత బరువెందుకున్నది సారూ?" అనెను. ఆ ప్రశ్నను ఈ పత్రికను చదువు అధ్యాపకుల యెదుట నుంచుచున్నాను. ఆమె ఇప్పుడు పరిశోధకవిద్యార్థిని. కాళిదాసు నాటకమున కనబడని స్త్రీలను గూర్చి వ్రాయుచున్నది. రాత్రి బాయికి పోవు భర్తకు సద్ది కట్టి పంపి, పిల్లలను నిద్రపుచ్చిన పిదప వ్రాసినదని చెప్పి, మొన్న వసుమతి ప్రకరణమును తెచ్చియిచ్చినది. నలువది పుటలున్నది. ఇంకను పూర్తి కాలేదనెను.